రాత్రి రెండైనా ఆరని లైటు

ప్రశ్న:

మేడమ్, నాకు పద్దెనిమిదేళ్లు. యూనివర్సిటీలో చేరి ఏడు వారాలైంది. హాస్టల్లో ఇద్దరుండే గది ఇచ్చారు. నా రూమ్మేట్ చెడ్డమ్మాయేం కాదు. కానీ రాత్రి రెండింటి దాకా పెద్ద లైటు వేసే ఉంచుతుంది. స్పీకర్ పెట్టి ఫోన్‌లో మాట్లాడుతుంది. పొద్దున్నే తన అలారం అయిదుసార్లు మోగుతుంది, తను లేవదు, నాకు మెలకువ వచ్చేస్తుంది. నా ఛార్జర్, నా తువ్వాలు చెప్పకుండా వాడేస్తుంది. ఎందుకొచ్చిన గొడవ అని నేను ఇంతవరకు ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. మా ఫ్లోర్‌లో అందరికీ అప్పుడే గ్రూపులు ఏర్పడిపోయాయి. మెస్‌లో ఒక్కదాన్నే కూర్చుని తింటుంటే అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. రోజూ పడుకునే ముందు అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తున్నాను. మొదటి టెస్టుల్లో మార్కులు కూడా తగ్గాయి. హాస్టల్ వదిలేసి బయట గది తీసుకోనా? లేక ఇంటికే వెళ్లిపోనా? నలుగురిలో కలవలేకపోవడం నాలో లోపమేనా? (తను హెయిర్ స్ప్రే కొట్టుకున్నప్పుడల్లా మోగుతోందని గదిలో పొగ అలారానికి ప్లాస్టిక్ కవర్ కట్టేసింది. దాని వల్ల ఏమైనా ఇబ్బందా?)

నిద్రలేని ఫస్టియర్

జవాబు:

ముందు ఆ బ్రాకెట్‌లోది తేలుద్దాం. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా అమ్మాయి కన్నా చిన్నదానివి. ఇది చదవడం ఇక్కడితో ఆపి, కుర్చీ ఎక్కి, ఆ కవర్ తీసేసి రా. మిగతాది తర్వాత చదువుదువుగాని.

తీశావా? సరే. పొగ అలారానికి పొగకీ స్ప్రేకీ తేడా తెలియదు. గాల్లో సన్నటి కణాలు తేలుతూ తనలోకి వస్తే చాలు, మోగుతుంది. కాబట్టి స్ప్రే దాని కింద నిలబడి కాకుండా తెరిచిన కిటికీ దగ్గర కొట్టుకోమని చెప్పు. ముసుగు కట్టడం మాత్రం కుదరదు. చాలా హాస్టళ్లలో దానికి జరిమానా ఉంటుంది, అది అలా ఉంచు. 2000 జనవరిలో అమెరికాలో, న్యూజెర్సీలోని సీటన్ హాల్ యూనివర్సిటీ హాస్టల్లో తెల్లవారుజామున మంటలు లేచాయి. ముగ్గురు ఫస్టియర్ పిల్లలు చనిపోయారు. యాభై మందికి పైగా గాయపడ్డారు. అలారం మోగలేదా అంటే, మోగింది. అంతకు ముందు నెలల్లో ఉత్తుత్తి అలారాలు చాలాసార్లు మోగాయి కదా, ఇదీ అలాంటిదేలే అని చాలామంది మంచం దిగలేదు. మోగిన అలారాన్నే పట్టించుకోకపోతే అంత నష్టం జరిగింది. మీరు అసలు మోగకుండానే చేసుకున్నారు. రూమ్మేట్‌తో ఏ మాటా అనలేకపోయినా ఈ ఒక్కటీ ఈరోజే అనెయ్. దీనికి మొహమాటం పనికిరాదు.

ఇక అసలు ఉత్తరం.

రెండుసార్లు చదివాను. నన్ను పట్టుకుని వదలని వాక్యం లైటు గురించిందీ కాదు, మెస్ గురించిందీ కాదు. 'ఇంతవరకు ఒక్కసారి కూడా ఏమీ అనలేదు' అని రాశావే, అది. ఏడు వారాలంటే 49 రాత్రులు. అన్ని రాత్రులూ ఆ అమ్మాయి లైటు వేసుకుని కూర్చుంది, నువ్వు మొహం మీదికి దుప్పటి లాక్కుని పళ్లు బిగబట్టి పడుకున్నావు. నీకు నిద్ర పట్టడం లేదని ఆమెకి తెలుసా? తెలియదనే నా అనుమానం. ఆమె దృష్టిలో నువ్వు లైటున్నా, మాటలు వినిపిస్తున్నా ముసుగుతన్ని హాయిగా నిద్రపోయే అదృష్టవంతురాలివి అయ్యుంటావు. నిన్ను చూసి ఈర్ష్య పడుతోందేమో కూడా!

నవ్వుకోకు, నాకిది అనుభవం. నేను హాస్టల్లో చేరిన ఏడాది నా రూమ్మేట్ తడిబట్టలు తెచ్చి నా కుర్చీ మీద ఆరేసేది. తన కుర్చీ మీద తన పుస్తకాలుండేవి. నేను ఒక సెమిస్టరంతా మంచం మీద వంగి కూర్చుని చదివాను. నడుం పట్టేసేది. ఆమె గదిలోకి వస్తే చాలు, లోపల కుతకుతలాడిపోయేదాన్ని. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఆమె ఒక రాక్షసి. సెలవులకు వెళ్లే రోజు పెట్టె సర్దుకుంటూ, నవ్వులాటకి అన్నట్టు, 'వచ్చాకైనా నా కుర్చీ నాకిస్తావా?' అన్నాను. ఆమె మొహం తెల్లబోయింది. 'నువ్వు ఎప్పుడూ మంచం మీదే కూర్చుంటావు కదా, నీకు కుర్చీ అక్కర్లేదేమో అనుకున్నాను' అంది. నేను మంచం మీద ఎందుకు కూర్చుంటున్నానో ఆమెకి ఎలా తెలుస్తుంది చెప్పు. నేను చెప్పలేదు. ఆమె కనబడింది చూసి తనకు తోచింది అనుకుంది.

తర్వాత కొన్నేళ్లు నేనే ఒక హాస్టల్లో వార్డెన్‌గా ఉన్నాను. అప్పుడు గమనించింది ఏమిటంటే, గది మార్చమని నా దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది రూమ్మేట్‌తో అసలు పోట్లాడనివాళ్లే. పోట్లాడినవాళ్లు ఎలాగోలా సర్దుకునేవాళ్లు. ఏమీ అననివాళ్లే, ఒక నెలో రెండు నెలలో ఓర్చుకుని, ఒకరోజు సబ్బు దగ్గరో బకెట్ దగ్గరో పేలిపోయేవాళ్లు. అవతలి పిల్ల బిక్కమొహం వేసుకుని 'సబ్బుకి ఇంత గొడవేంటి మేడమ్?' అనేది. ఆ గొడవ సబ్బుది కాదు, ఇన్నాళ్లూ మింగిన మాటలది.

కాబట్టి నువ్వు మాట్లాడాలి. ఎలా మాట్లాడాలో చెబుతాను. కానీ అంతకంటే ముందు నీకు నిద్ర కావాలి, ఎందుకంటే నిద్రలేని మనిషి మాట్లాడితే అది మాటలా రాదు, ఏడుపులా వస్తుంది, లేదా అరుపులా వస్తుంది.

నీ వయసువాళ్లకు రోజుకి 7 నుంచి 9 గంటల నిద్ర అవసరం. నువ్వు రాసినదాన్ని బట్టి లెక్కేస్తే నీకు నాలుగైదు గంటలు కూడా దక్కడం లేదు. దీని ఫలితం కళ్లు మండటం, క్లాసులో కునుకు పట్టడంతో ఆగదు. 2018లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ పరిశోధకులు కొందరు యువతీయువకులను ఒక రాత్రి నిద్ర లేకుండా ఉంచి, మరునాడు ఎదుటి మనిషి ఎంత దగ్గరికి వస్తే 'ఇక చాలు, ఆగు' అంటారో చూశారు. బాగా నిద్రపోయిన రోజుకన్నా నిద్రలేని రోజు వాళ్లు మనుషులను ఇంకా దూరంలోనే ఆపేశారు. అంతకంటే నాకు గుచ్చుకున్న సంగతి ఇంకొకటుంది. వాళ్లు మాట్లాడుతున్న వీడియోలు ముక్కూమొహం తెలియనివాళ్లకు చూపిస్తే, వీళ్లు నిద్రపోలేదన్న సంగతి తెలియకుండానే, 'ఈ మనిషి ఒంటరిగా ఉన్నట్టున్నాడు, ఇతనితో కలవాలని లేదు' అన్నారట. అంటే నిద్ర లేకపోతే మనం మనుషులను దూరం పెడతాం, మనుషులూ మనల్ని దూరం పెడతారు. ఒక్క రాత్రికే ఇలా ఉంటే, నీకు ఏడు వారాలు. 'నాలో లోపమా' అని అడిగే ముందు పదిరోజులు నిద్రపోయి చూడు తల్లీ. అప్పటికీ ఆ ప్రశ్న మిగిలి ఉంటే మళ్లీ అడుగు.

నీ రూమ్మేట్ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. టీనేజీలో మనిషి ఒంట్లోని గడియారం ఆలస్యంగా నడవడం మొదలుపెడుతుంది. దాదాపు ఇరవై ఏళ్ల దగ్గర అది అన్నిటికంటే ఆలస్యంగా ఉండి, ఆ తర్వాత మెల్లగా మళ్లీ ముందుకు జరుగుతుంది. అందరిలో ఒకేలా ఉండదు కాబట్టి నీకు పదకొండుకే నిద్రొస్తుంది, ఆమెకి రెండింటిదాకా రాదు. పొద్దున్న అయిదు అలారాలు పెట్టుకునీ లేవలేకపోవడం కూడా అందులో భాగమే. ఆమెది బద్ధకమో పొగరో అనుకుని మాట మొదలుపెట్టకు. ఇద్దరి గడియారాలూ వేరు, గది ఒకటి.

ఇవాళే చేయగలిగినవి చెప్తాను. స్పాంజి ఇయర్‌ప్లగ్స్ కొనుక్కో. చాలామంది అవి పనిచేయవంటారు, ఎందుకంటే చెవి గుమ్మంలో పెట్టి వదిలేస్తారు. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. పొగ అలారం వినిపించదేమో అని అనుమానం రావచ్చు. నిద్రపోతున్నవాళ్లను లేపడానికే అది అంత గట్టిగా మోగుతుంది, అయినా హాస్టల్లో డ్రిల్ పెట్టినరోజు వీటిని పెట్టుకుని ఒకసారి చూసుకో. కళ్లకు గంత కట్టుకో. తల పెట్టుకునే వైపు మార్చి చూడు, లైటు కాళ్ల వైపు పడితే చాలా తేడా ఉంటుంది. నాలుగు దాటాక కాఫీ, టీ వద్దు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం కునుకు తీస్తే అరగంటలోపు లేచెయ్, లేకపోతే ఆ రాత్రి మళ్లీ పైకప్పు చూస్తూ పడుకోవాలి.

ఇవన్నీ పట్టీ కట్టడం లాంటివే. గాయం మానాలంటే మాట్లాడాల్సిందే.

రాత్రి లైటు వెలుగుతున్నప్పుడు మాట్లాడకు. అప్పుడు నీ గొంతులో 49 రాత్రులూ వినిపిస్తాయి. ఆమె స్నేహితురాళ్ల ముందు వద్దు. మెసేజ్ వద్దు. టేబుల్ మీద చీటీ అంటించడం అసలే వద్దు, చీటీ ఎంత మర్యాదగా రాసినా చదివేవాళ్లకి తిట్టులాగే ఉంటుంది. సెలవు రోజు, ఇద్దరూ నిద్ర చాలి లేచి, తిని ఉన్న వేళ చూసుకో. 'నీతో ఒక చిన్న విషయం మాట్లాడాలి, ఇప్పుడు వీలవుతుందా?' అని అడుగు. వీలవదంటే ఎప్పుడు వీలవుతుందో అడుగు.

ఆ తర్వాత ఇలా చెప్పు: 'పన్నెండు తర్వాత పెద్ద లైటు ఉంటే నాకు నిద్ర పట్టట్లేదు. ఇన్నాళ్లూ నీకు చెప్పకపోవడం నాదే పొరపాటు. నువ్వు పడుకోవాలని అనట్లేదు. పన్నెండు దాటాక టేబుల్ ల్యాంప్ వేసుకుంటావా? ఫోన్ వస్తే బయటికి వెళ్లి మాట్లాడతావా?' అంతే. 'నువ్వెప్పుడూ ఇంతే' అనే మాట రానివ్వకు. 'నీకు ఎదుటివాళ్ల గురించి ఆలోచన లేదు' లాంటివి నోటి దాకా వస్తాయి, మింగెయ్. ఇన్నాళ్లూ మింగకూడనివి మింగావు కదా, ఆ అలవాటు ఇక్కడ పనికొస్తుంది. ఆమె గుణం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా లైటు గురించి మాత్రమే మాట్లాడితే ఆమెకి కోపం తెచ్చుకునే అవకాశమే ఉండదు.

చెప్పి ఊరుకో. నీ అలవాటు నాకు తెలుసు, నిశ్శబ్దం భరించలేక 'పర్లేదులే, అంత ఇబ్బందేం కాదులే' అని నువ్వే వెనక్కి తీసేసుకుంటావు. తీసుకోకు. నాలుగు క్షణాలు గోడ వైపు చూడు.

ఆమె ఏదో ఒకటి ఒప్పుకున్నాక, ఇంకొక ప్రశ్న అడగాలి. చాలామంది అడగరు. 'నా వల్ల నీకేమైనా ఇబ్బంది ఉందా?' తప్పకుండా ఉంటుంది. పొద్దున ఆరింటికి బ్యాగులో ప్లాస్టిక్ కవర్లు గరగరలాడిస్తున్నావేమో. రోజూ రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడుస్తుంటే ఎటు చూడాలో, పలకరించాలో వద్దో తెలియక ఆమె చెవులకి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటోందేమో. వింటే గుచ్చుకుంటుంది. కానీ ఒకరు అడుగుతూ ఒకరు ఇస్తూ ఉంటే ఒప్పందం నిలవదు. ఇద్దరూ కొంచెం కొంచెం వదులుకుంటేనే నిలుస్తుంది. అలారం సంగతీ అప్పుడే ఎత్తు. ఫోన్ మంచం పక్కన కాకుండా గదికి అవతలి మూల పెట్టుకుంటే ఆపడానికైనా లేవాలి కదా. తెల్లారి ఆమె లేవకపోతే నువ్వు తట్టి లేపుతానని చెప్పు. అది నీకే మంచిది.

అనుకున్నవి ఒక కాగితం మీద రాసుకోండి: లైటు ఎప్పటిదాకా, ఫోన్ ఎక్కడ, స్నేహితులు గదిలోకి వస్తే ముందు చెప్పాలా, ఊడ్చే వంతు ఎవరిది. చాలా యూనివర్సిటీల్లో దీనికోసం రూమ్మేట్ల ఒప్పందం ఫారం ఉంటుంది, వార్డెన్ ఆఫీసులో అడుగు. రాసుకోవడం నమ్మకం లేక కాదు. మూడు వారాల తర్వాత ఎవరేం అన్నారో ఎవరికీ గుర్తుండదు, అందుకు.

తువ్వాలు విషయంలో మాత్రం బేరం వద్దు. ఛార్జర్ అడిగి తీసుకుంటే సరిపోతుంది. తువ్వాలు, రేజర్, టూత్‌బ్రష్ ఒకరివి ఒకరు వాడితే చర్మపు ఇన్ఫెక్షన్లు ఇటునుంచి అటు పోతాయి, హాస్టళ్లలో తామర పాకేది ఇలాగే. 'తువ్వాలు మాత్రం ఎవరికీ ఇవ్వను, ఏమీ అనుకోకు' అను. దానికి కారణం కూడా చెప్పనక్కర్లేదు.

రెండు వారాలు చూడు. ఏమీ మారకపోతే మీ ఫ్లోర్ చూసుకునే సీనియర్ దగ్గరికో వార్డెన్ దగ్గరికో వెళ్లు. వెళ్లి 'ఈ అమ్మాయి ఇలాంటిది' అనకు. 'మేము మాట్లాడుకున్నాం, ఇవి అనుకున్నాం, కుదరట్లేదు, సాయం చేయండి' అను. వార్డెన్ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నా, మొదటి రకం మాటతో వచ్చినవాళ్లని వెనక్కి పంపాలనిపిస్తుంది, రెండో రకంతో వచ్చినవాళ్లకి గది వెతకాలనిపిస్తుంది. చాలాచోట్ల మొదటి కొన్ని వారాలు గదుల మార్పు ఆపేసి, తర్వాత అనుమతిస్తారు. మీ దగ్గర ఆ తేదీ ఎప్పుడో కనుక్కుని ఉంచుకో. చేతిలో ఆ దారి ఉందని తెలిస్తే సగం ఊపిరాడుతుంది.

ఇప్పుడు ఒంటరితనం. ఇక్కడ నీ లెక్క తప్పింది.

కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు, కొత్తగా పరిచయమైనవాళ్లు స్నేహితులవడానికి ఎన్ని గంటలు కలిసి గడపాలో లెక్కగట్టాడు. యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లలను కూడా అడిగాడు. 2018లో వచ్చిన ఆ లెక్క ప్రకారం, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహం అనిపించుకోవడానికి 90, దగ్గరి స్నేహానికి 200కు పైన. పక్కపక్కన పని చేసుకున్న గంటలకు పెద్ద విలువ లేదు, కబుర్లు చెప్పుకుంటూ, ఆడుకుంటూ ఊరికే గడిపినవి లెక్కకొస్తాయి. నువ్వు ఎవరితోనైనా రోజుకి అరగంట చొప్పున మాట్లాడి ఉన్నా, ఏడు వారాలకి 25 గంటలు కాదు. మొదటి మెట్టుకి సగం దూరం. మరి వాళ్ల గ్రూపులన్నీ ఏమిటి అంటావా? వాళ్లకీ గంటలు అవే కదా. మొదటి వారంలో ఒంటరిగా మెస్‌కి వెళ్లే భయంతో ఎవరు కనిపిస్తే వాళ్లతో అతుక్కుపోయిన గుంపులవి. నేను చూసినంతలో మొదటి సెమిస్టర్ గుంపులు రెండో సెమిస్టర్‌కి సగం విడిపోయి వేరేలా కలుస్తాయి. అప్పుడు ఎవరెవరు ఖాళీగా ఉంటారో చూడు.

గంటలు ఎక్కడ దొరుకుతాయి? గుమ్మం దగ్గర. ఇది సరదాకి అనట్లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలోని ఎమ్‌ఐటీ అనే యూనివర్సిటీలో పెళ్లయిన విద్యార్థుల కోసం కట్టిన ఇళ్లలో ఎవరు ఎవరికి స్నేహితులయ్యారో లియోన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్టు, ఇద్దరు సహచరులు కలిసి పరిశీలించారు, 1950లో ప్రచురించారు. అక్కడ ఎవరికి ఏ ఇల్లు వస్తుందో వాళ్ల చేతుల్లో లేదు. అయినా పక్క గుమ్మంవాళ్లలో 41 శాతం మంది దగ్గరి స్నేహితులయ్యారు, అదే వరండాలో రెండు చివర్లా ఉన్నవాళ్లలో 10 శాతమే. మెట్ల దగ్గర ఇల్లు పడ్డవాళ్లకి పై అంతస్తు స్నేహాలు కూడా దొరికాయి. మంచి గుణాలు, కలుపుగోలుతనం అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఎన్నిసార్లు ఎదురుపడతామన్నదే.

కాబట్టి సాయంత్రం ఒక గంట తలుపు తెరిచి ఉంచుకుని చదువుకో. దారిన పోయేవాళ్లు తలెత్తి చూస్తారు, నువ్వూ తలెత్తు, అంతే చాలు ఆ రోజుకి. చదువు గదిలో కాకుండా కామన్ రూమ్‌లో, రోజూ అదే వేళకి, అదే మూల కూర్చో. బట్టలుతికే చోట ఫోన్ చూసుకోకుండా నిలబడు, అక్కడ అందరికీ వేచి ఉండటం తప్ప పని ఉండదు. ఎవరినైనా చిన్న సాయం అడుగు, స్టేప్లర్ ఉందా, నిన్నటి క్లాసు నోట్సు ఇస్తావా అని. మనం సాయం చేస్తే మనుషులు దగ్గరవుతారనుకుంటాం, అడిగితే ఇంకా త్వరగా అవుతారు. పక్క గది అమ్మాయి పేరు ఈ పాటికి నీకు తెలిసే ఉండాలి. తెలియకపోతే ఇవాళ తెలుసుకో. ఏడు వారాలయ్యాక పేరడగడం సిగ్గుగా ఉంటుంది, నిజమే. 'ఇన్నాళ్లయింది, నీ పేరే తెలియదు నాకు' అని నవ్వితే ఆమె కూడా నీ పేరు తెలియదని ఒప్పుకుంటుంది.

మెస్‌లో అందరూ నిన్నే చూస్తున్నారన్నావు. 2000లో కార్నెల్ యూనివర్సిటీ సైకాలజీ ఆచార్యుడు థామస్ గిలోవిచ్ బృందం వెలువరించిన ఒక ప్రయోగం ఉంది. వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు ఒకటి విద్యార్థులకి తొడిగి, నలుగురూ కూర్చున్న గదిలోకి పంపారు. దాన్ని ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే సగం మంది అన్నారు. నిజానికి గమనించింది పావు వంతు మంది. నువ్వు టీషర్టు కూడా వేసుకోలేదు, ఊరికే కూర్చుని తింటున్నావు. నీ ఎదుటి టేబుల్ అమ్మాయి నిన్ను చూడట్లేదు, తనని ఎవరు చూస్తున్నారోనని కంగారుపడుతోంది. ఒక్కదానివే తినాలనిపించినప్పుడు తిను, అందులో నామోషీ ఏమీ లేదు. తోడు కావాలనిపించిన రోజు, నీలాగే ఒక్కతే కూర్చున్న మనిషిని చూసి 'ఇక్కడ ఎవరైనా ఉన్నారా?' అని అడుగు. గుంపులోకి దూరడం కష్టం, ఒక్క మనిషి ఎదురుగా కూర్చోవడం అంత కష్టం కాదు.

అమ్మకి ఫోన్ మానమని నేననను. వేళ మార్చు. పడుకునే ముందు ఏడిస్తే నువ్వు ఆ ఏడుపుతోనే పడుకుంటావు, అమ్మ అక్కడ తెల్లవార్లూ మెలకువతో ఉంటుంది. క్లాసులయ్యాక, నడుస్తూ, వెలుతురు ఉన్నప్పుడు చెయ్యి. బాధ చెప్పు, దాచకు, దాంతోపాటు ఆ రోజు జరిగిన ఒక మామూలు సంగతి కూడా చెప్పు. ప్రతి సెలవుకీ ఇంటికి పరుగెత్తడం మాత్రం కొన్నాళ్లు ఆపు. హాస్టల్లో మనుషులు కాస్త తీరిగ్గా దొరికేది ఆ రెండు రోజులే.

మార్కుల గురించి ఎక్కువ చెప్పను. నాలుగు గంటల నిద్రతో రాసిన పరీక్ష నీ తెలివి గురించి ఏమీ చెప్పదు. ఆ పేపర్ పట్టుకుని టీచర్ దగ్గరికి వెళ్లి ఎక్కడ పోయాయో అడుగు. ఆ గుమ్మం తొక్కేవాళ్లు తక్కువ కాబట్టి వాళ్లు సంతోషిస్తారు.

ఇక బయట గది. తీసుకోవద్దనే నా సలహా, కనీసం ఈ సెమిస్టర్‌కి. హాస్టల్ ఒప్పందం మధ్యలో వదిలితే డబ్బు వెనక్కి వస్తుందో లేదో చూసుకోవాలన్నది ఒక కారణం. దానికంటే ముఖ్యమైంది ఇంకోటి. ఎదురుపడే గుమ్మాలు, మెట్లు, మెస్, ఇవన్నీ పోతాయి. నిద్ర దొరుకుతుంది, నిజం. కానీ నిద్రకోసం ఇల్లు మారడం, తలనొప్పికి తల మార్చడం లాంటిది. పైగా బయట గదిలో నీకు రూమ్మేట్ ఉంటే ఆమెకీ ఓ లైటు ఉంటుంది. అప్పుడూ ఏమీ అనకుండా ఉంటావా?

ఒకటి మాత్రం వేరుగా చెప్పాలి. 'సర్దుకుపో' అనే మాట మనవాళ్లు దేనికైనా వాడేస్తారు. లైటుకీ అలారానికీ సర్దుకోవచ్చు. గదిలో నీకు భయమేస్తుంటే, ఎవరైనా చెయ్యి చేసుకుంటే, నీ వస్తువులు పోతుంటే, సీనియర్లు వేధిస్తుంటే, వద్దన్నా ఎవరో గదిలోకి వస్తుంటే, అది సర్దుకోవాల్సిన విషయం కాదు. రెండు వారాలు ఆగమని నేను చెప్పింది దానికి వర్తించదు. ఆ రోజే వార్డెన్‌కి చెప్పు, రాతపూర్వకంగా చెప్పు, ఇంట్లోనూ చెప్పు. నీ ఉత్తరంలో అలాంటిదేమీ కనబడలేదు, అయినా రాయకుండా దాచినవి ఉంటాయని అడుగుతున్నా.

అలాగే, నిద్ర కుదుటపడ్డాక కూడా రెండు వారాలపాటు రోజంతా దిగులుగానే ఉంటే, తిండి సయించకపోతే, ఇష్టమైనవి కూడా చేయాలనిపించకపోతే యూనివర్సిటీ కౌన్సెలర్‌ని కలువు. అక్కడ మాట్లాడుకున్నది మామూలుగా బయటికి పొక్కదు, ఏ పరిస్థితిలో చెప్పాల్సి వస్తుందో వాళ్లే ముందు చెప్తారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఆగకు, ఆ క్షణంలో ఎవరు దగ్గరుంటే వాళ్లకి చెప్పు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమను. ఆ మనిషి నీ రూమ్మేటైనా సరే.

ఇంటికి వెళ్లిపోనా అని కూడా అడిగావు. అది నిద్రలేని రాత్రి రెండింటికి వచ్చిన ప్రశ్న. దానికి పరీక్షలయ్యాక, నిద్ర చాలిన ఒక పొద్దున నువ్వే జవాబు చెప్పుకో. అప్పుడు కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లు, అది ఓటమి కాదు.

ఈ వచ్చే సెలవు రోజు ఆమెతో మాట్లాడు. ఆ తర్వాత నాకు మళ్లీ రాయి. లైటు సంగతి ఏమైందో రెండు ముక్కల్లో చెబితే చాలు. నీ వల్ల తనకేం ఇబ్బందో ఆమె చెబుతుంది కదా, అది మాత్రం పూర్తిగా రాయి. నాకు అది తెలుసుకోవాలని ఉంది.